నీళ్ళకు పోయిన బండి

నాలుగున్నర వేల లీటర్ల నీళ్ళంటే వినడానికి ఘనంగానే ఉంటుంది. రెండు గొట్టాలు ఒకేసారి వదిలితే పది నిమిషాలకు మించి రావు. వాసుదేవన్ పద్దెనిమిదేళ్ళుగా ఫైరింజన్ నడుపుతున్నాడు. మంట దగ్గరికి బండిని చేర్చడం, పంపు తిప్పడం, నీళ్ళు అయిపోతే ఎక్కడున్నాయో చూసి తేవడం అతని పని. ట్యాంకులో మట్టం చూపించే గాజు గొట్టం వంక ఇన్నేళ్ళలో ఎన్ని వేలసార్లు చూశాడో లెక్కలేదు. ఆ రోజు చూసినట్టు మాత్రం ఎప్పుడూ చూడలేదు.

పాపారపట్టి రోడ్డు మీది పరుపుల ఫ్యాక్టరీ అది. కొబ్బరి పీచు, స్పాంజి కప్పు దాకా పేర్చిన షెడ్డు పొద్దున పదకొండింటికి అంటుకుంది. స్టేషన్‌లోని రెండో బండి, ఇనుము కోసే మిషనుతో సహా, తొప్పూరు ఘాట్‌లో బోల్తాపడ్డ లారీ దగ్గరికి పోయి ఉంది. ఉన్నది ఈ ఒక్క బండే. స్టేషన్ ఆఫీసర్ ముఖేశ్ ఒక గొట్టంతో ముందు వైపు నిలబడ్డాడు. వాసుదేవన్ బండిని వెనక వైపు, రాతిగోడలో ఉన్న ఇనుప తలుపు దగ్గర ఆపాడు. దొంగల భయమని యజమాని ఆ తలుపు అంచులన్నీ వెల్డింగు పెట్టించి మూయించాడట. ఆ తలుపు వెనకాల ఎవరో తడుతున్నారు. దగ్గుతున్నది ఆడగొంతు.

ఒక ఫైర్‌మన్ తలుపు మీద నీళ్ళు తెరలాగా కొడుతున్నాడు. ఆ తడిలో నిలబడి ఇంకొకడు గడ్డపారతో వెల్డింగు పెళ్ళగిస్తున్నాడు. పైన కప్పు రేకుల సందుల్లోంచి కాలిన స్పాంజి కరిగి చుక్కలు చుక్కలుగా పడుతోంది. నీళ్ళు లేకపోతే ఆ చోట ఒక్క నిమిషం నిలబడే వీలు లేదు. పై మూల రెండు చోట్ల వెల్డింగు ఊడింది. కింది సగం ఇంకా గట్టిగానే ఉంది. గాజు గొట్టంలో నీళ్ళు అడుగుకు చేరాయి.

వాసుదేవన్ పంపు వదిలి తలుపు దగ్గరికి పరుగెత్తాడు. ఇనుము మీద చెయ్యి పెట్టలేక, నోరు దగ్గరగా పెట్టి, తన ఇంటి తెలుగులో కాక ఆ ఊరి తమిళంలో గట్టిగా అరిచాడు.

"అమ్మా, బండిలో నీళ్ళయిపోయినాయి. పక్కనే బావి ఉంది. ఇప్పుడే తెస్తాము. తలుపు దగ్గరే ఉండు, కింద పడుకో. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకో. విన్నావా?"

తట్టడం ఆగింది. తరువాత నింపాదిగా రెండుసార్లు తట్టింది.

పక్కనే బావి అంటే అతని అన్న రామసామి బావి. ఫ్యాక్టరీకి మైలు దూరంలో, టమాటా తోట నడుమ ఉంది. గట్టు దాకా బండి పోతుంది. పోవడం, నింపడం, రావడం అంతా కలిపి పద్దెనిమిది నిమిషాలని దారిలోనే లెక్క వేసుకున్నాడు. పక్కన కూర్చున్న ఫైర్‌మన్‌కు గొట్టాలు ఏ వరసలో దించాలో చెబుతూనే ఉన్నాడు. హారన్ విని అన్న గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. భుజం మీది తుండు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అన్నా, ఆ మోటారు పైపు పక్కకు లాగు. మేము గొట్టం దించల్ల" అంటూ వాసుదేవన్ దూకాడు.

రామసామి కదల్లేదు. ఇద్దరూ కలిసి మూడు గొట్టాలు ఒకదానికొకటి బిగించి, కొసకు జల్లెడ తగిలించి, తాడు కట్టి బావిలోకి దించారు. మూడో గొట్టం కూడా దిగిపోయింది. తాడు మీద బరువు తగ్గలేదు. నీళ్ళలో మునిగిన గొట్టం తేలికవుతుంది, అది చేతికి తెలుస్తుంది. వాసుదేవన్ బోర్లా పడుకుని లోపలికి చూశాడు. జల్లెడ గాలిలో ఊగుతోంది. దానికి చాలా కింద బీటలువారిన బురద, ఒక మూల గుడ్డంత తడి.

"లేదురా వాసూ" అన్నాడు రామసామి.

"లేదంటే?"

"మూడు నెలలాయె, లేదు."

వాసుదేవన్ లేచి అన్న మొహంలోకి చూశాడు. తిట్టడానికి కూడా సమయం లేదు. ఇద్దరూ గొట్టం పైకి లాగుతుండగా ఇంట్లోంచి వదిన తిమ్మమ్మ చంకలో ఒక బిందె, చేతిలో ఒక బిందె పట్టుకుని వగరుస్తూ వచ్చింది. తాగడానికి ట్యాంకరు వాడి దగ్గర పట్టుకున్న నీళ్ళు అవి.

"ఇంట్లో ఇంతేనప్పా ఉండేది. ఇవి పోసుకో" అంది.

రెండు బిందెల నీళ్ళు. ఆమె వాటిని బండి చక్రం పక్కన దించి, ఎక్కడ పొయ్యాలో తెలియక అతని వైపు చూసింది. వాసుదేవన్ వాటిని చక్రానికి దూరంగా జరిపాడు. బండి ఎక్కి, ఆ సన్నటి గట్టు మీద నుంచి వెనక్కి తియ్యడానికే నాలుగు నిమిషాలు పట్టింది.

నీళ్ళు దొరికింది ఎనిమిది కిలోమీటర్ల అవతల పాడుబడ్డ రాతి క్వారీ గుంటలో. తిరిగి వచ్చేసరికి యాభై నిమిషాలు దాటింది. కడత్తూరు వైపు నుంచి వచ్చిన ఇంకొక బండి అప్పుడే వెనక వైపు నీళ్ళు కొడుతోంది. తలుపు ఊడదీసి పక్కన పడేశారు. గడప దగ్గర ఒక ఆడమనిషి, నేలకు ఆనుకుని, కొంగు మొహం మీద కప్పుకుని పడుకుని ఉంది. ఒంటి మీద ఎక్కడా కాలలేదు. పొగ చంపింది. పేరు సెల్వరాణి, ముప్పై నాలుగేళ్ళు, పీచు కుట్టే పని. ఇదంతా తరువాత పక్కవాళ్ళు చెబితే తెలిసింది.

మరుసటి రోజు స్టేషన్‌లో గొట్టాలు కడిగారు. ఎంత కడిగినా స్పాంజి మసి జిడ్డు వదల్లేదు. వాసుదేవన్ బ్రష్ పట్టుకుని ఒకే గొట్టాన్ని రుద్దుతూ కూర్చున్నాడు. ముఖేశ్ వచ్చి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు లేని కుర్ర ఆఫీసరు, మర్యాదస్తుడు. వాసుదేవన్‌ను అన్నా అనే పిలుస్తాడు.

"పేపరు చూసినారా అన్నా? అందరూ బయటికి వచ్చేసినారంట. ఆమె మాత్రం ఫోను మరిచిపోయినానని మళ్ళీ లోపలికి పోయిందంట. మేనేజరు చెప్పినాడు."

"ఫోనా?"

"అట్లంట. మేము చేరేటప్పటికే లోపల ప్రాణం ఉన్న జాడ లేదు అని నేను రిపోర్టు రాసినాను."

వాసుదేవన్ బ్రష్ ఆపాడు. "తట్టింది కదా సార్. మేము ముగ్గురం విన్నాము."

ముఖేశ్ గొట్టం అంచును వేలితో రాస్తూ నెమ్మదిగా అన్నాడు. "తట్టింది అని రాస్తే ఎంతసేపు తట్టింది అంటారు. తట్టేటప్పుడు బండి ఎక్కడికి పోయింది అంటారు. నీళ్ళు లేని బావికి ఎందుకు పోయింది అంటారు. అప్పుడు బావుల జాబితా తెమ్మంటారు. జాబితాలో ఏముందో మీకే తెలుసు. పోయిన మనిషి ఎట్లాగూ తిరిగి రాదు అన్నా."

జాబితాలో ఏముందో వాసుదేవన్‌కు తెలుసు. ప్రతి ఏడూ మార్చిలో బండి డ్రైవరు తన ఎల్లలోని బావులన్నిటికీ పోయి, రాయి కట్టిన తాడు దించి, నీళ్ళు ఎన్ని అడుగుల్లో ఉన్నాయో రాయాలి. పక్కన 'స్వయంగా చూశాను' అని సంతకం పెట్టాలి. ఈ ఏడు, రెండు నెలల కింద, పద్నాలుగు బావుల్లో తాడు దించాడు. పదిహేనోది తన అన్న బావి. దానికి మాత్రం ఫోను చేశాడు. "పదహారు అడుగుల్లోనే ఉండాదిరా, దేవుడి దయ" అన్నాడు అన్న. అతను పదహారు అని రాసి సంతకం పెట్టాడు. అన్న చెప్పాక తమ్ముడు పోయి తాడు దించితే, అది బావిని కొలవడం కాదు, అన్న నోటిని కొలవడం. వాళ్ళ ఇళ్ళల్లో అలాంటి పని ఎవరూ చెయ్యరు. చేస్తే మళ్ళీ ఆ గడప తొక్కే మొహం ఉండదు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య శాంత పెట్టిన అన్నం అలాగే ఉంది. "ఆమెకు ఇద్దరు ఆడబిడ్డలంట. మా అక్క వాళ్ళ వీధిలోనే ఉండారు" అంది శాంత. అతను చెయ్యి కడుక్కుని లేచాడు. "ఫోను కోసరం ఎవురైనా మంటలోకి పోతారా? నాకైతే నమ్మకం లేదు" అని ఆమె తనలో తాను అనుకుంటున్నట్టు అంది. ఆమెకు తట్టిన సంగతి తెలియదు. అతను చెప్పలేదు.

మూడో రోజు పొద్దున్నే అన్న ఇంటికి పోయాడు. దారంతా ఏమేమి అనాలో వరసగా అనుకుంటూ పోయాడు. రామసామి వాకిట్లో కూర్చుని ఎండిన టమాటా మొక్కలకు కట్టిన కర్రలను ఊడదీసి కట్ట కడుతున్నాడు. తమ్ముడిని చూసి మొహం ఎత్తలేదు. తిమ్మమ్మ చాప వేసి, కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది.

"యాల అన్నా? యాల అట్ల చెప్తివి?"

రామసామి తాడు ముడి వేసి లాగాడు. "పంపకాలప్పుడు నువ్వేమంటివి? ఈ బావిని నమ్ముకోవద్దు, నేల అమ్మి టౌనుకు రా అంటివి. నేను నలుగురిలో ఏమంటిని? మా నాయన తవ్విన బావి నన్ను ఇడవదు అంటిని. ఫ్యాక్టరీ వాళ్ళు పీచు కడిగేదానికి రెండు బోర్లు ఏసినారు. వెయ్యి అడుగులు. అంతే, మన బావి పాయె. ఏమని చెప్పేది నీకు? నువ్వు చెప్పిందే సరిరా అనా?"

ఆ బోర్లలో మొన్న కూడా నీళ్ళున్నాయి. మంటలని కరెంటు తీసేశాక వాటిని తోడే దారి లేకపోయింది.

"నేను అడిగింది తోటకు కాదన్నా. బండికి."

"నాకేం తెలుసురా, బండికని? నువ్వెప్పుడూ అడిగేదే కదా, నీళ్ళెట్లుండాయన్నా అని. పెద్దోడు బాగుండాడా అని అడిగినట్ల అడుగుతావు. నేనూ అట్లే చెప్తిని." రామసామి మొదటిసారి మొహం ఎత్తాడు. కళ్ళు రెండు రోజులుగా నిద్ర లేనట్టు ఎర్రగా ఉన్నాయి. "నువ్వొచ్చి చూసింటే తెలిసిపోయేది కదరా. నీ పని అదే కదా. ఎందుకు రాకపోతివి?"

నీ మర్యాద కోసం రాలేదని చెబితే అది నిందవుతుంది. తిమ్మమ్మ ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది. రామసామి మళ్ళీ కర్రల కట్ట మీదికి వంగి అడిగాడు. "ఆ పిల్ల... తొందరగా పోయిందా?"

"తెలీదన్నా" అన్నాడు వాసుదేవన్. అన్నతో అతను చెప్పిన అబద్ధం అది. తాము నీళ్ళకు పోయేటప్పటికి ఆమె బతికే ఉందని అతనికి తెలుసు.

తిరిగి వచ్చేటప్పుడు ఫ్యాక్టరీ ముందు మోటారు సైకిలు ఆపాడు. వెనక వైపు జేసీబీ పనిచేస్తోంది. రాతిగోడ సగం కూలదోశారు. గోడ పడిపోతే ప్రమాదమట, అందుకని తీసేస్తున్నారట. ఇనుప తలుపు ఎక్కడా లేదు. కాపలావాడిని అడిగితే, పాత ఇనుము లారీ వచ్చి తీసుకుపోయింది సార్ అన్నాడు. వాసుదేవన్ ఆ ఖాళీ జాగా ముందు నిలబడ్డాడు. తలుపు లేదు, గోడ లేదు, తట్టిన శబ్దం రిపోర్టులో లేదు. ఇక మిగిలింది ఫోను కోసం మంటలోకి పోయిన ఒక తెలివితక్కువ ఆడది మాత్రమే. పేపరు చదివిన వాళ్ళందరూ అయ్యో అని, అంత ఆశ ఏమిటో అనుకుని ఉంటారు. అతనికి మొదట కోపం వచ్చింది. తరువాత ఆ కోపంలో తన వాటా ఎంతో కనబడి సిగ్గేసింది. ఆమె బతికి ఉండిందని చెప్పగలిగిన వాళ్ళు ముగ్గురు. మిగిలిన ఇద్దరు ఫైర్‌మన్లవి కొత్త ఉద్యోగాలు. ఆమె తరఫున చెప్పాలంటే తన తప్పుతోనే మొదలుపెట్టి చెప్పాలి. వేరే దారి ఎంత వెతికినా అతనికి కనబడలేదు.

నాలుగో రోజు ఊరి గ్రామసభ హాల్లో విచారణ. రెవెన్యూ శాఖ నుంచి విచారణకు వచ్చిన ఒక ఆవిడ, పక్కన రాసుకునే గుమాస్తా. ముందు వరస కుర్చీల్లో ఫ్యాక్టరీ మేనేజరు, అతని వకీలు. వెనకాల గోడకు ఆనుకుని సెల్వరాణి భర్త కరుప్పుసామి. మార్కెట్లో టమాటా పెట్టెలు మోసే మనిషి. చొక్కాకు పైగుండీ దాకా పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తలుపు దగ్గర రామసామిని చూసి వాసుదేవన్ ఆశ్చర్యపోయాడు. తెల్లచొక్కా, తెల్లపంచె, పెళ్ళికి వచ్చినట్టు ఉన్నాడు. అతన్ని ఎవరూ పిలవలేదు.

మేనేజరు ఫోను కథ చెప్పాడు. నొచ్చుకుంటున్నట్టు, ఆమె మంచి పనిమంతురాలు అని కూడా చెప్పాడు. ముఖేశ్ రిపోర్టు చదివాడు. గొంతు స్థిరంగానే ఉంది గానీ ప్రాణం ఉన్న జాడ లేదు అనే చోట ఒకసారి తడబడి మళ్ళీ చదివాడు. ఆవిడ కళ్ళజోడు తీసి, "ఇంకెవరైనా చెప్పేది ఉందా?" అని ఊరికే అడిగింది. కాగితాలు సర్దుకుంటూనే అడిగింది.

వాసుదేవన్ లేచాడు.

"ఆమె మేము పోయేటప్పటికి బతికే ఉండింది అమ్మా. వెనక తలుపు లోపలి నుంచి తట్టింది. ఆ తలుపు వెల్డింగు పెట్టి ఉండింది. పై మూల రెండు చోట్ల ఊడదీసినాము. ఆమె ఫోను కోసరం లోపలికి పోలేదు. బయటికి రాలేకపోయింది."

హాల్లో కుర్చీలు కిరకిరలాడాయి. వకీలు లేచి, ఏ తలుపు, చూపించమనండి అన్నాడు. "పాత ఇనుములో పోయింది. కాపలావాడిని అడగండి" అన్నాడు వాసుదేవన్. ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది.

"బతికి ఉంటే మీరెందుకు తియ్యలేకపోయారు?"

"నీళ్ళయిపోయినాయి. దగ్గర బావికి పోయినాను. దాంట్లో నీళ్ళు లేవు. క్వారీకి పోయి వచ్చేసరికి యాభై నిమిషాలు. బావిలో నీళ్ళుంటే పద్దెనిమిది నిమిషాలు."

ఆవిడ ముఖేశ్ దగ్గర జాబితా అడిగి తీసుకుంది. పేజీలు తిప్పి, వేలు ఒక చోట ఆపింది. "పదహారు అడుగులు అని ఉంది. స్వయంగా చూశాను అని మీ సంతకం ఉంది. చూశారా, చూడలేదా?"

అతను నోరు తెరిచేలోపల వెనకనుంచి గొంతు వినబడింది.

"చూసినాడమ్మా! నేను సాక్షి. ఆ బావి నాదే." రామసామి ముందుకు వస్తూ చేతులెత్తి దండం పెట్టాడు. తమిళం తడుముకుంటూ మాట్లాడాడు. "మార్చిలో వచ్చి తాడు దించి చూసినాడు. అప్పుడు నీళ్ళుండింది. తరువాత నేనే తోటకు తోడేసినాను. తప్పు నాది. నన్ను రాసుకోండి."

ఇందుకోసమే తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. మొదటి అబద్ధం తన పరువు కోసం చెప్పిన మనిషి, ఇది తమ్ముడి కోసం చెబుతున్నాడు. ఊరందరి ముందూ నేరం నెత్తిన పెట్టుకోవడానికి సిద్ధపడి వచ్చాడు. ముఖేశ్ ఆశగా వాసుదేవన్ వైపు చూశాడు. అవును అంటే చాలు, తట్టిన సంగతి నిలుస్తుంది, వెల్డింగు సంగతి నిలుస్తుంది, ఉద్యోగమూ నిలుస్తుంది. వాసుదేవన్ అన్న వైపు చూశాడు. చిన్నప్పటి నుంచి ఆ మనిషి మాటకు ఎదురు చెప్పి ఎరగడు.

"చూడలేదమ్మా" అన్నాడు. "మా అన్న నా కోసరం అబద్ధం చెబుతున్నాడు. నేను ఫోనులో అడిగి రాసినాను. తాడు దించలేదు. దించింటే ఆ రోజు నేరుగా క్వారీకే పోయి ఉందును."

రామసామి నిలబడ్డ చోటే నిలబడిపోయాడు. తుండు తీసి మొహం తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. తరువాత ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచాడు. గుమాస్తా రాస్తూనే ఉన్నాడు. అంతా రాశాక వాసుదేవన్ సంతకం పెట్టాడు. మేనేజరును, కాపలావాడిని, పాత ఇనుము లారీ వాడిని మరునాడు మళ్ళీ రమ్మని ఆవిడ చెప్పింది.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. అన్న కనబడలేదు, బస్సు ఎక్కి పోయినట్టున్నాడు. ముఖేశ్ నేరుగా జీపు దగ్గరికి పోయాడు. వాసుదేవన్ మెట్ల మీద నిలబడి ఉండగా కరుప్పుసామి దగ్గరికి వచ్చాడు. వెంట వచ్చిన ఇద్దరు మనుషులు అతని భుజం పట్టుకుని ఆపబోయారు. అతను వాళ్ళ చేతులు తీసేశాడు. కొడతాడనుకున్నాడు వాసుదేవన్. కొట్టినా బాగుండుననుకున్నాడు.

"ఫోను కోసరం పోలేదు కదా?" అన్నాడు కరుప్పుసామి.

"పోలేదు."

"పెద్దపిల్ల బడికి పోనంటుంది. అందరూ అదే అడుగుతున్నారంట, మీ అమ్మ ఫోను కోసరమా పోయిందని. ఇప్పుడు పోయి చెబుతాను." చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చొక్కా అంచు పట్టుకున్నాడు. "మీరు నీళ్ళకు పోయేటప్పుడు ఆమెకు తెలుసా సార్? పోతున్నామని ఏమైనా చెప్పినారా?"

"చెప్పినాను. తలుపు దగ్గరే ఉండు, ఇప్పుడే వస్తామని చెప్పినాను."

"విన్నదా?"

"విన్నది. తట్టడం ఆపింది."

కరుప్పుసామి ఆ మాటను లోపల తిప్పుకుంటున్నట్టు నేల వైపు చూశాడు. అతని మొహంలో కోపం లేదు. కోపం ఉండి ఉంటే వాసుదేవన్ తట్టుకునేవాడు.

"అట్లయితే మీరు వస్తారనే ఆ తలుపు దగ్గర ఉండింది" అన్నాడు కరుప్పుసామి. "చివరిదాకా వస్తారనే ఉండింది."

అని, మెట్ల మీద కూలబడి, పైగుండీ ఊడదీసుకుని, అంతవరకూ ఏడవని మనిషి గట్టిగా ఏడవడం మొదలుపెట్టాడు. వాసుదేవన్ అతని పక్కన కూర్చున్నాడు. చెయ్యి వెయ్యడానికి ధైర్యం చాలక అలాగే కూర్చున్నాడు.